కిర్రుచెప్పుల అడ్మిరల్

జగిత్యాల,
1969 మే 6

ప్రభూ,

నీ అధ్యాయం చదివి నెత్తి కొట్టుకున్నాను. హాస్టల్లో ఒకే చాప మీద కూర్చొని మనం ఏమనుకున్నాం? నవల ఇద్దరిదీ. అడ్మిరల్ నావాడు. ‘మానేరు’ అనే నక్షత్ర నౌకా, దాని కెప్టెనూ నీవాళ్లు. ఒకరి తర్వాత ఒకరం రాయాలి. పోస్టు డబ్బాలో పడ్డదాన్ని రెండోవాడు కొట్టెయ్యరాదు. ఇప్పుడు నువ్వు నన్నడగకుండా నా అడ్మిరల్‌ను పెద్ద నౌకలోంచి నీ ‘మానేరు’లోకి దించి, చుక్కాని చేతికిచ్చావు. కొట్టేద్దామంటే లేదు. నియమం పెట్టి చచ్చింది నేనే కదా!

అడ్మిరల్ స్వయంగా ఓడ నడపవచ్చునా? కూడదంటాను నేను. దళమంతా ఎటు పోవాలో చెప్పడం ఆయన పని. ఒక ఓడ ఎట్లా మళ్లాలో చెప్పేది దాని కెప్టెన్. అడ్మిరల్ ఎక్కి కూర్చున్న ఓడలో కూడా కెప్టెన్ మాటే చెల్లాలి. లేకపోతే ఆ కెప్టెన్ ఉత్త బంట్రోతు, మిగతా ఓడలు దిక్కులేనివి అవుతాయి. లైబ్రరీలో మనం చదివిన ఇంగ్లీషు నవలల్లో ఆపద రాగానే ప్రతి అడ్మిరలూ చుక్కాని మీదికి దూకుతాడు. అది రాసేవాడి సోమరితనం తప్ప మరొకటి కాదు.

మన ఉద్యమానికీ ఇదే లెక్క. విద్యార్థుల కమిటీకి నన్ను పెద్దను చేశారు, నీకు తెలుసు. తెలంగాణ కోసం కాలేజీలు మూసుకొని నెలలైంది, ఇక ఊళ్లు కదలాలి. వచ్చే సోమవారం మీ తంగళ్ళపల్లి నుంచి మానేరు వాగు ఇసుక దాటి సిరిసిల్ల దాకా ఊరేగింపును నువ్వే నడిపించు. నేను ఇక్కడ కూర్చొని అన్ని ఊళ్లూ చూసుకోవాలి, రాను.

నేనిచ్చిన కిర్రుచెప్పులు ఏమయ్యాయి? కుడి పాదం ఈడ్చి ఈడ్చి ఏ జోడైనా బయటి అంచు అరగ్గొట్టే మహానుభావుడివి. వాటినైనా బతకనియ్యి.

నీ
కిషన్ రావు


తంగళ్ళపల్లి,
మే 13

కిషన్,

రానని రాసి వచ్చావు! నిన్న నిన్ను చూడగానే సగం భయం పోయింది. నేను జెండా పట్టుకొని మొదటి వరసలో ఉన్నాను. నువ్వు మాకంటే ముందు, ఒక్కడివే, ఆ తెల్లంగీతో వెనక్కి చూడకుండా పోతున్నావు. పిలిచాను. నినాదాల హోరులో వినపడలేదేమో అనుకున్నాను. మా నాయన ఆగయ్య అయితే ఊరంతా చెప్పుకుంటున్నాడు. “దొర కొడుకే ముందట నడుస్తుంటె మనం ఇంట్ల కూసుండుడేంది” అని ఆయన నోటి వెంట వస్తే మా వాడకట్టంతా కదిలింది.

ఒక్క మాట అడగాలి. ఊరేగింపుకు ముందు మా ఇంటికి వచ్చి మంచినీళ్లు అడిగావట. అమ్మ చెంబిస్తే మా గడప దగ్గరే నిలబడి తాగావట. ఫిబ్రవరిలో వచ్చినప్పుడు వాకిట్లోంచే, దాహం లేదని వెళ్లిపోయావు. ఎర్రటి ఎండ, నీ పెదవులు ఎండి ఉన్నాయి. ఆనాడు అది మనసులో పెట్టుకున్నాను. నిన్నటితో అది పోయింది.

నాకు ఒక్క మాటైనా చెప్పకుండా ఎటు వెళ్లిపోయావు? సిరిసిల్లలో నీ కోసం చాలాసేపు వెతికాను.

కిర్రుచెప్పులు ట్రంకు పెట్టెలో, నువ్విచ్చిన తెల్లంగీ కింద భద్రంగా ఉన్నాయి. జగిత్యాలలో అయితే టకటకా తిరిగేవాణ్ణి. ఇక్కడ మా వాడకట్టువాడు అవి తొడిగి బజారుకు పోతే దొరలు ఊరుకుంటారా?

నీ
ప్రభుదాస్


జగిత్యాల,
మే 17

ప్రభూ,

వేళాకోళానికి ఒక హద్దుండాలి. సోమవారం నేను జగిత్యాల దాటలేదు. చలిజ్వరంతో దుప్పటి కప్పుకొని పడుకొని ఉన్నాను. సాక్ష్యం కావాలంటే హాస్టల్ వంటమనిషి పోచమ్మను అడుగు, గంజి కాచి పోసింది ఆమే.

అంగీ నీ దగ్గరుంది, చెప్పులు నీ దగ్గరున్నాయి. నువ్వే వేసుకొని నడిచి, నన్ను రప్పించడానికి కథ అల్లుతున్నావని నా అనుమానం. కాకపోతే ఎవరో పోలీసుల మనిషి అయి ఉండాలి. ముఖం చూశావా? మీ అమ్మ చూసిందా? సరిగ్గా అడిగి రాయి.

మంచినీళ్ల సంగతి ఇప్పుడెందుకు తీశావు? ఆ రోజు నిజంగానే దాహం లేదు.

కిషన్


తంగళ్ళపల్లి,
మే 22

కిషన్,

నేను జెండా మోస్తూ నడిచానని చెప్పడానికి ఊరంతా ఉంది. అంగీ మడత విప్పలేదు. వేళాకోళం నీతో చేస్తాను గానీ మా అమ్మ దేవవ్వ పేరు పెట్టి చెయ్యను.

అమ్మను అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: “దొరల మొఖం ఎన్నడు జూసినం కొడుకా? తల వంచుకొనే చెంబిచ్చిన. తెల్లంగి అంచు, కిర్రుచెప్పులు కనవడ్డయి. గంతే. మేము చెప్పులను జూసే దొరలను గుర్తువడుతం.”

నేనూ వీపే చూశాను. మా నాయనా వీపే చూశాడు. ఎవరిని అడిగినా అదే. నిన్ను ఎప్పుడూ తల ఎత్తి చూడనివాళ్లకు నీ ముఖం ఎట్లా తెలుస్తుంది? నాకు తెలుసు గానీ నా వైపు అది ఒక్కసారి కూడా తిరగలేదు.

నీ ఉత్తరం వచ్చాక రెండు సంగతులు గుర్తుకొచ్చాయి. అవి కిర్రుచెప్పులే, కానీ కిర్రుమనలేదు. రెండోది, మానేరు ఇసుకలో మా ముందు మనిషి నడుస్తున్నాడు, ఇసుక మాత్రం నున్నగా ఉంది. మొదటి అడుగుల గుర్తులు మావే. ఆ రోజు తాగి ఇచ్చిన చెంబు ఇంకా చల్లగానే ఉందని అమ్మ దాన్ని పొయ్యి పక్కన బోర్లించింది.

మన నవలకు ఈ సారి అధ్యాయం ఇది. ‘మానేరు’లో పనివాళ్లు చుక్కాని దగ్గర అడ్మిరల్‌ను కళ్లారా చూస్తున్నారు. అదే సమయంలో దూరంగా ఉన్న పెద్ద నౌక నుంచి రేడియోలో అడ్మిరల్ గొంతు వినిపిస్తుంది: “నేను అక్కడ లేను.” ఎవరి మాట వినాలి? పనివాళ్లు కనపడేవాడి మాటే విన్నారు.

నీ వాదనకు నా జవాబు కూడా ఇదే. ఆకాశంలో దూరాలు పెద్దవి. మనం చూసే చుక్క వెలుగు ఎప్పుడో బయల్దేరింది, ఆ చుక్క ఇప్పుడుందో లేదో తెలియదు. దూరం నుంచి వచ్చే అడ్మిరల్ ఆజ్ఞా అంతే. ఓడలో లేనివాడు ఓడను నడపలేడు.

ప్రభు


కోరుట్ల,
జూన్ 2

ప్రభూ,

నా మీద వారెంటు వచ్చింది. కోరుట్లలో మా మేనమామ విఠల్ రావు ఇంట్లో, మిద్దె మీది గదిలో ఉన్నాను. ఉత్తరాలు ఆయన పేరు మీద రాయి.

ఇక్కడికి వచ్చిన మూడోనాడు పనిమనిషి రాజక్క టీ తెచ్చి, “ఏంది దొరా, పొద్దుగాల బజార్ల కనవడ్డవు? పిలిస్తె వెనుకకు సుత మల్లలే” అంది. మామయ్య నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు, పట్టుబడితే ఇల్లంతా జైలుకు పోతుందని. నేను గది దాటలేదని ఒట్టు వేసినా నమ్మలేదు. మెట్లకు బయటినుంచి గొళ్లెం ఉంది, వేసింది ఆయనే. అయినా నమ్మలేదు.

నీకు తప్ప ఇంకొకరికి చెప్పలేని మాట ఒకటుంది. కమిటీ వాళ్లు నలుగురు నిన్న చాటుగా వచ్చారు. సిరిసిల్లలో నేను ముందు నడిచానని పేపర్లో పడిందట. గుండె నీది అన్నా, అని కౌగిలించుకున్నారు. నేను కాదని చెప్పలేదు. చెప్దామని నోరు తెరిచాను కూడా. వాళ్ల కళ్లు చూసి ఊరుకున్నాను. రాత్రి నుంచి, నేను కాదనకపోవడం మెట్ల మీద ఎవరో నిలబడి విన్నట్టుగా ఉంది.

అది ఏదైనా కానీ, దాని వెంట పోవద్దు. నవల్లో కూడా రాస్తున్నాను, ఇది నా అధ్యాయం: అడ్మిరల్ ఆజ్ఞ జారీ చేశాడు, ‘చుక్కాని దగ్గర ఉన్నది నేను కాదు, దాని మాట వినకండి.’

కిషన్


తంగళ్ళపల్లి,
జూన్ 9

కిషన్,

నీ అధ్యాయం అందింది. ఆజ్ఞ బాగుంది. కానీ ఎవరు వింటారు?

ఈ నెల 20న మళ్లీ ఊరేగింపు. సిరిసిల్ల ఒడ్డు మీద బయటి నుంచి వచ్చిన పోలీసులు దిగారు. ఇసుక సగం దాటాక ఆగి, అక్కడే కూర్చొని, నినాదాలిచ్చి వెనక్కి రావాలని మేము నిర్ణయించుకున్నాం. ఒడ్డెక్కితే కాలుస్తామని వాళ్లు కబురు పంపారు.

మా ముందు నడిచేది మాత్రం ఆగదు, కిషన్. పోయిన వారం చిన్న ఊరేగింపు తీశాం. అది మళ్లీ ముందుంది. మేము ఆగినా, అది ఆగలేదు. ఒడ్డు దాకా పోయింది. మా నాయన, ఇంకొందరు వెంటపడి పోతుంటే రెక్క పట్టి గుంజుకొచ్చాను. “దొర పోతుంటె ఆగుమంటవేందిరా, నువ్వెవడివి?” అని మా నాయనే నన్నడిగాడు. నేను వాళ్లకు ఆగయ్య కొడుకును. నా మాట మీద ఆగరు. ఇరవయ్యో తారీఖున మొత్తం వాడకట్టు వస్తుంది. మా చెల్లె విజయ కూడా వస్తానంటున్నది.

నువ్వు ఒక్కసారి రా. ముందు నిలబడి, ఇటు తిరిగి, ముఖం చూపించి, ఆగమని చెప్పు. నువ్వు నిలబడ్డ చోట నిలబడడం దాని వల్ల కాదు, నాకు ఆ నమ్మకం ఉంది. నాలుగేళ్ల స్నేహంలో నిన్ను ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

ప్రభు


కోరుట్ల,
జూన్ 15

ప్రభూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. రావాలనే ఉంది. బస్సులు లేవు. రోడ్ల మీద ప్రతి బండినీ ఆపి చూస్తున్నారు. నేను దొరికితే కమిటీ చెల్లాచెదురవుతుంది, ఇన్ని ఊళ్ల పని ఆగిపోతుంది. ఒక ఓడ కోసం అడ్మిరల్ దళాన్ని వదలడం ధైర్యం కాదు. వచ్చే నెల అమెరికావాళ్లు చంద్రుడి మీద దిగుతారట. ఆ రాకెట్‌ను పంపే పెద్దలెవరైనా అందులో కూర్చుంటున్నారా చెప్పు?

మామయ్య జీతగాడు జలపతితో ఈ ఉత్తరం పంపుతున్నాను. ఇందులో ఇంకో చీటీ ఉంది. “ఇసుక మధ్యలో ఆగండి. ఇది నా మాట. కిషన్ రావు” అని రాసి సంతకం పెట్టాను. అందరికీ చదివి వినిపించు. నా సంతకం చూస్తే ఆగుతారు.

నువ్వు జాగ్రత్త. ముందు వరసలో ఉండకు.

కిషన్


తంగళ్ళపల్లి,
జూన్ 24

కిషన్ రావు దొరకు ప్రభుదాసు చెల్లె విజయ రాస్తున్న సంగతులు,

మా అన్న పోయిండు. ఇరవై తారీఖున మానేరుల పోయిండు. మీకు ఎవలన్న చెప్పిండ్రో లేదో అని రాస్తున్న. నేను ఏడో తరగతి దాక్కనే సదివిన, తప్పులుంటె ఏమనుకోవద్దు.

మీ చీటీ అన్న అందరికి సదివి ఇనిపిచ్చిండు. మా నాయిన అన్నడు, “కాయితం మీద ఆగుమంటడు, కండ్ల ముందట నడుస్తడు. ఏది నమ్మాలె?” అని. అందరు గదే అన్నరు. అన్న ఇంటికి వోయిండు. పెట్టెల నుంచి తెల్లంగి తీసి తొడుక్కున్నడు, కిర్రుచెప్పులు ఏసుకున్నడు. అన్న ఆ చెప్పులు మా వాడకట్టుల ఏసుకున్నది గదే మొదలు. పోస్టు డబ్బాల ఏదో ఏసి వచ్చిండు, మీకే గావచ్చు.

ఇసుకల మా అందరి ముందట ఒకాయిన నడుస్తున్నడు. నేను సుత చూసిన. అన్న ఉరికిండు. కాలు ఈడ్సుకుంట, చెప్పులు కిర్రుకిర్రుమనంగ ఆయిన్ను దాటిపోయిండు. దాటి, మా దిక్కు తిరిగి, చేతులు రెండు సాపి, “ఆగుండ్రి” అన్నడు. గప్పటికెల్లి ఆ ముందటాయిన కనవడలే. ఉన్నది అన్న ఒక్కడే. వీపు ఒడ్డు దిక్కు పెట్టి నిలబడ్డడు. జనం ఆగిండ్రు దొరా. ఒక్కలు సుత అడుగు ముందటికి ఎయ్యలే. అయిన సుత పోలీసోల్లు కాల్చిండ్రు. తూటా అన్న వీపుల తాకింది.

అందరు కిషన్ రావు దొర పోయిండనే ఏడ్సిండ్రు. మోసుకొచ్చింది సుత గట్లనే. అన్నే అని నేను మొత్తుకున్నా ఎవలు ఇనలే, ఎవలు మొఖం చూడలే. ఇంటికి తెచ్చినంక, నా కొడుకు ఏడని అడుగుకుంటనే మా అవ్వ దొర మొఖం కడిగింది. కడిగినంక తల ఎత్తి చూసింది.

ఇంక రాసుడు నాతోని అయితలేదు.

విజయ


తంగళ్ళపల్లి,
జూన్ 20, పొద్దున

కిషన్,

నువ్వు రావని తెలిసింది. కోపం లేదు. ఉంది, కానీ రాయడానికి తీరిక లేదు. ఇది చివరి అధ్యాయం. నియమం తెలుసు కదా, పోస్టు డబ్బాలో పడ్డది కొట్టెయ్యరాదు.

‘మానేరు’ పెద్ద మంటల గోళం వైపు పోతున్నది. చుక్కాని దగ్గరున్న అడ్మిరల్ మళ్లించడం లేదు. పెద్ద నౌక నుంచి మళ్లించమని గొంతు వస్తూనే ఉంది, వినేవాళ్లు లేరు. కెప్టెన్ తన గదిలోకి పోయి అడ్మిరల్ కోటు తొడుక్కున్నాడు. పనివాళ్లు కోటుకు దారిచ్చారు. కెప్టెన్ చుక్కాని పట్టుకొని ఓడను మళ్లించాడు. అడ్మిరల్ స్వయంగా ఓడను నడిపాడని ఆ దళంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓడలో ఉన్నవాళ్లంతా బతికారు.

నీ అంగీ భుజాల దగ్గర కొంచెం వదులుగా ఉంది.

ప్రభు


తంగళ్ళపల్లి,
జూలై 5

ప్రభూ,

విజయ ఉత్తరం ముందొచ్చింది, నీది పోస్టులో ఎక్కడో చిక్కుకొని తర్వాత వచ్చింది. నీ దస్తూరీ చూసి, అబద్ధం, బతికే ఉన్నాడని గది నాలుగు మూలలా తిరిగాను. పైన తారీఖు చూశాక కూలబడ్డాను.

ఆ రోజే బయల్దేరాను. బస్సుల్లేకపోయినా మనిషికి కాళ్లుంటాయని అప్పుడు తెలిసింది. రాజక్క పెనిమిటి పాత లుంగీ, మాసిన బనీను వేసుకొని, చెప్పులు కోరుట్లలోనే వదిలి, పొలాల వెంట నడిచాను. పోలీసులు రెండు చోట్ల ఎదురుపడ్డారు. ఎవరూ నన్ను ఆపలేదు. రావడం ఇంత సులువని తెలిసి రోడ్డు పక్కన కూర్చొని ఏడ్చాను.

మీ గడప దగ్గర నిలబడి మంచినీళ్లు అడిగాను. మీ అమ్మ చెంబిచ్చింది, అదే చెంబు. ఈ సారి ఆమె తల వంచుకోలేదు. నా ముఖంలోకి సూటిగా చూసింది. “ఎవలు నువ్వు కొడుకా?” అంది. ప్రభు దోస్తును, కిషన్ రావును అన్నాను. ఆమె నన్నే చూసి, “ఆ పేరుగలాయిన మానేరుల మా అందరిని ఆపి పోయిండు గద” అంది. కాదవ్వా, పోయింది నీ కొడుకు, నేను రాలేదు, అని చెప్పాను. కోరుట్లలో మింగిన మాట అప్పుడు బయటికి వచ్చింది. ఆమె నీళ్లు తాగమని చేత్తో సైగ చేసింది. తాగాను ప్రభూ. చెంబు చల్లగా ఉంది, పళ్లు జివ్వుమన్నాయి.

ఈ రోజు నువ్వు పడిపోయిన చోటికి అందరం నడిచాం. వానలు ఇంకా పడలేదు, ఇసుక అట్లాగే ఉంది. నేను మొదటి వరసలో మీ నాయన పక్కన నడిచాను. ఉట్టి కాళ్లవాణ్ణి, నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టమని నేనూ అడగలేదు.

సగం దూరం పోయాక మా ముందు కిర్రు, కిర్రు అని చప్పుడు వినిపించింది. ఒక అడుగు కిర్రుమంటుంది, ఇంకో అడుగు ఈడుస్తుంది. తెల్లంగీ. మీ నాయన కూడా విన్నాడు, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఇసుక మధ్యలో అది ఆగింది. మేమూ ఆగాం. అది మా వైపు తిరిగింది. అడ్మిరల్ ఓడ ఎక్కవచ్చు గానీ, ఎక్కాక ఆ ఓడ కెప్టెన్‌దే అని నీకు రాసినవాణ్ణి నేనే. ఆ మాట ఇప్పటికీ కొట్టెయ్యను. ఒక్కసారి ముఖం చూద్దామనుకున్నాను, నా వల్ల కాలేదు. నా తల దానంతటదే వంగింది.

చెప్పులే చూశాను. కుడిదానికి బయటి అంచు అరిగి ఉంది.

నీ
కిషన్